పశువైద్య సహాయకులకు పుస్తకాలు: ఏది కొనాలి, ఎలా వాడాలి

మా ఆస్పత్రిలో కొత్తగా చేరిన పిల్లలు మొదటి జీతం చేతికి రాగానే అడిగేది ఒకటే. "అక్కా, మంచి పుస్తకం ఒకటి చెప్పు, కొనుక్కుంటా." పేరు చెప్పేస్తే అయిపోతుంది. కానీ నేను ఎదురు ప్రశ్న వేస్తాను: పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీ చేతికింద ఉండే జంతువు ఏది, దానికి నువ్వు చేసే పనేంటి? దీనికి జవాబు రాకుండా కొన్న పుస్తకం అలమారలో దుమ్ము పట్టడానికే పనికొస్తుంది. రిఫరెన్స్ పుస్తకాలు బరువూ ఎక్కువ, ధరా ఎక్కువ.

నేను పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా చేశాను. మొదట అనంతపురం వైపు పల్లెల్లో గొర్రెలు, మేకలు, ఆవులతో పని. ఇప్పుడు హైదరాబాద్‌లో కుక్కలు, పిల్లుల ఆస్పత్రిలో వార్డు, ఆపరేషన్ గది చూసుకుంటున్నాను. ఇదే పని చేసేవాళ్లను బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో వెటర్నరీ నర్స్ అంటారు. అమెరికాలో వెటర్నరీ టెక్నీషియన్, కెనడాలో కొన్ని చోట్ల యానిమల్ హెల్త్ టెక్నాలజిస్ట్. మన దగ్గర పారావెట్, పశుసంవర్ధక సహాయకులు, గోపాలమిత్ర ఇలా రకరకాల పేర్లున్నాయి, రైతు మాత్రం అందర్నీ "డాక్టరు" అనే పిలుస్తాడు. పేరు ఏదైనా చేతిపని చాలావరకు ఒకటే కాబట్టి అక్కడివాళ్ల కోసం రాసిన పుస్తకాలు మనకీ పనికొస్తాయి. ఎంతవరకు పనికొస్తాయి అన్నదే అసలు సంగతి.

డాక్టర్ పుస్తకం ఎక్కడ ఆగుతుంది

చాలామంది చేసే పని ఏమిటంటే, డాక్టర్ టేబుల్ మీద ఉన్న లావుపాటి వెటర్నరీ మెడిసిన్ పుస్తకం చూసి అదే కొనేయడం. అది గొప్ప పుస్తకమే, కాదనను. కానీ అది రాసింది రోగనిర్ధారణ చేసేవాళ్ల కోసం.

పాలజ్వరమే తీసుకోండి. బాగా పాలిచ్చే ఆవు ఈనిన రెండు మూడు రోజుల్లోపు పడిపోయింది, చెవులు చల్లబడ్డాయి, మెడ ఒక పక్కకి తిప్పుకుని పడుకుంది. డాక్టర్ల పుస్తకం తెరిస్తే రక్తంలో కాల్షియం ఎందుకు పడిపోతుంది, దేనితో పొరబడే అవకాశం ఉంది, ఏ పరీక్షలు చేయాలి అని వివరంగా ఉంటుంది. చివరికి "కాల్షియం బోరోగ్లూకోనేట్ నరంలోకి నెమ్మదిగా ఎక్కించాలి" అన్న వాక్యంతో ముగుస్తుంది. మన పని మొదలయ్యేది సరిగ్గా ఆ వాక్యం దగ్గరే.

నెమ్మదిగా అంటే ఎంత నెమ్మదిగా? 450 మి.లీ. సీసా అయితే కనీసం పది పదిహేను నిమిషాలు పట్టాలి. ఎక్కించే ముందు సీసాను గోరువెచ్చని నీళ్ల బకెట్‌లో పెట్టి ఒంటి వేడికి తేవాలి. ఆవు పక్కకి ఒరిగి పడి ఉంటే లేపి, రొమ్ము మీద కూర్చునేలా చేసి, అటూ ఇటూ గడ్డి నింపిన గోనెసంచులు ఆన్చాలి. లేకపోతే కడుపు ఉబ్బుతుంది. సీసా ఒకరు పట్టుకుంటే, ఇంకొకరు స్టెతస్కోప్‌తో గుండె వింటూనే ఉండాలి. గుండె లయ తప్పినా, ఉన్నట్టుండి కొట్టుకోవడం తగ్గినా ట్యూబు మూసి డాక్టర్‌కి చెప్పాలి. మందు పనిచేస్తుంటే కండరాలు వణుకుతాయి, తేన్పులు వస్తాయి, పేడ వేస్తుంది, ముట్టె మీద చెమ్మ కనిపిస్తుంది. మింగే శక్తి లేనప్పుడు ఇంట్లోవాళ్లు బెల్లం నీళ్లో కషాయమో నోట్లో పోయబోతారు. ఆపాలి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లేచి నిలబడ్డాక మొదటి రోజు పొదుగు పూర్తిగా పిండవద్దని చెప్పాలి. మళ్లీ పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి మర్నాడు కూడా చూసి రావాలి.

మనకు కావాల్సింది ఈ రెండో భాగం రాసిన పుస్తకం. ఎలా పట్టుకోవాలి, ముందు ఏం సిద్ధం చేయాలి, జరుగుతున్నంతసేపూ ఏం గమనించాలి, ఏది కనబడితే డాక్టర్‌ని పిలవాలి, యజమానికి ఏం చెప్పి పంపాలి. ఈ ఐదూ లేని పుస్తకం ఎంత పేరున్నదైనా మన చేతికి రెండో పుస్తకమే అవుతుంది, మొదటిది కాదు.

అందుకే కొనే ముందు నేను చెప్పే పరీక్ష ఇది. కోఠిలో కొత్త పుస్తకాల షాపైనా, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ అయినా, ఆన్‌లైన్‌లో నమూనా పేజీలైనా, మీరు మీ చేత్తో చాలాసార్లు చేసిన పని ఒకటి ఎంచుకోండి. సెలైన్ కోసం క్యాన్యులా పెట్టడం కావచ్చు, కట్టు కట్టడం కావచ్చు. ఆ పేజీ తీసి చదవండి. మీకు తెలిసినదానికన్నా రెండు ముక్కలు ఎక్కువ చెప్పిందా? మీరు చేసే పద్ధతిలో ఒక లోపాన్ని పట్టుకుందా? అయితే ఆ పుస్తకం మిగతా విషయాల్లోనూ నమ్మదగ్గదే. తెలియని విషయం తీసి చదివితే ప్రతి పుస్తకమూ గొప్పగానే కనిపిస్తుంది.

పేర్లు అడుగుతున్నారు కాబట్టి

చిన్న జంతువుల ఆస్పత్రిలో పనిచేసేవాళ్లకు నేను మొదట చెప్పేది బ్రిటన్ చిన్న జంతువుల వైద్యుల సంఘం, అంటే బీఎస్ఏవీఏ, వేసే టెక్స్ట్‌బుక్ ఆఫ్ వెటర్నరీ నర్సింగ్. ఆరో ఎడిషన్ 2020లో వచ్చింది. వార్డులో రోగి సంరక్షణ, మత్తు ఇచ్చాక పర్యవేక్షణ, ఆపరేషన్ గది శుభ్రత, ద్రవాలు ఎక్కించడం, ల్యాబ్ శాంపిళ్లు, అన్నీ నర్సు నిలబడే చోటు నుంచి రాశారు. పార్వో అనే అంటురోగం వచ్చిన కుక్కపిల్లను విడిగా ఉంచి చూసుకోవడం లాంటివి ఇలాంటి పుస్తకంలో చదివితేనే బుర్రకెక్కుతాయి. ఏ పంజరం ముందు శుభ్రం చేయాలి, ఏది చివర, ఏప్రాన్ ఎక్కడ విప్పాలి అన్నది రోజూ వచ్చే ప్రశ్న కదా. కానీ ఆవు, గేదె కోసం ఈ పుస్తకం కొనకండి. అది కుక్కలు, పిల్లులు, కుందేళ్లు, పక్షుల్లాంటి పెంపుడు జంతువుల పుస్తకం.

రెండూ కావాలంటే అమెరికా నుంచి వచ్చే మెక్కర్నిన్స్ క్లినికల్ టెక్స్ట్‌బుక్ ఉంది. వెయ్యి పేజీలు దాటిన గ్రంథం. కుక్కల నుంచి గుర్రాలు, ఆవుల దాకా వెళ్తుంది. బొమ్మలు బాగుంటాయి, పట్టుకునే పద్ధతులు ఫోటోలతో సహా ఉంటాయి. లోటు ఏంటంటే, అందులోని ఆవు అమెరికా ఆవు. పశువును కదలకుండా పట్టే ఇనుప చట్రంలో (చూట్) నిలబడిన బరువైన హోల్‌స్టీన్ జాతి ఆవు అది. మన రైతు దగ్గర ముక్కుతాడు, వేపచెట్టు, ఇద్దరు మనుషులు ఉంటారు. గేదె గురించి దాదాపు ఏమీ దొరకదు. మన రాష్ట్రాల్లో పాలపశువు అంటే సగం మాట గేదె గురించే కాబట్టి ఇది చిన్న లోటు కాదు.

మందుల కోసం ప్లంబ్స్ వెటర్నరీ డ్రగ్ హ్యాండ్‌బుక్. డాక్టర్లు డోసు కోసమే తీస్తారు. నేను తీసేది డోసు చుట్టూ ఉన్న భాగాల కోసం. ఒక్కో మందు కింద ఏ ద్రవంలో కలపొచ్చు, ఎలా నిల్వ చేయాలి, ఇచ్చాక ఏం గమనించాలి, యజమానికి ఏం చెప్పాలి అని విడివిడిగా ఉంటుంది. ఈ నాలుగూ మన పనులే. రింగర్ లాక్టేట్ అనే సెలైన్‌లో కాల్షియం ఉంటుందని, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌ను దాంతో కలపకూడదని, రక్తం ఎక్కించే ట్యూబులోనూ రింగర్ లాక్టేట్ వాడకూడదని ఎవరో గదమాయిస్తే నేర్చుకోవడం కన్నా పేజీ చూసి తెలుసుకోవడం మేలు.

పైసా ఖర్చు లేనిది మెర్క్ వెటర్నరీ మాన్యువల్. 1955లో పుస్తకంగా మొదలైంది, ఇప్పుడు మొత్తం నెట్‌లో ఉచితం. అమెరికా, కెనడా బయట ఎంఎస్‌డీ మాన్యువల్ అనే పేరుతో కనిపిస్తుంది, కంగారు పడకండి, రెండూ ఒకటే. ఒక్క జాగ్రత్త: అందులో పెంపుడు జంతువుల యజమానుల కోసం రాసిన భాగం వేరుగా ఉంటుంది. గూగుల్ చాలాసార్లు దాన్నే ముందు చూపిస్తుంది. వృత్తి నిపుణుల భాగంలోకి మారి చదవండి. సాధారణ ఉష్ణోగ్రతలు, రక్తపరీక్షల విలువలు, కొలతల మార్పిడి పట్టికలు కూడా అక్కడే ఉంటాయి.

పల్లెలో పనిచేసేవాళ్లకు ఇంకో ఉచిత ఆధారం ఉంది. కేంద్ర పశుసంవర్ధక శాఖ 2024లో పశువులు, కోళ్లకు ప్రామాణిక చికిత్సా మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి మన పశువులు, మన రోగాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. జాతులు, మేత, పోషణ కోసం బెనర్జీ రాసిన టెక్స్ట్‌బుక్ ఆఫ్ యానిమల్ హస్బెండ్రీని డిప్లొమా పిల్లలు ఇప్పటికీ చదువుతుంటారు. పునాదికి మంచిదే. మందుల కోసం మాత్రం అది తెరవకండి.

ఇవి కాక, అందరూ చెత్తబుట్టలో వేసే పుస్తకం ఒకటుంది. టీకా పెట్టెలో, మందు డబ్బాలో మడిచిపెట్టిన కాగితం. గాలికుంటు టీకా గడ్డకట్టిందంటే పారేయాల్సిందే. పారుడు రోగం టీకా పొడి రూపంలో ఉంటుంది, కలిపాక కొన్ని గంటల్లోనే వాడేయాలి. ఎన్ని గంటలు, ఎంత చల్లదనంలో అన్నది ఆ కంపెనీ కాగితంలోనే కచ్చితంగా ఉంటుంది. లావు పుస్తకాల్లో ఉండదు. నేను ఆ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ ఫైల్‌లో అక్షరక్రమంలో పెట్టుకుంటాను. కొత్త బ్యాచ్ వస్తే పాత కాగితం తీసి కొత్తది పెడతాను.

పాత పుస్తకం చేతికొస్తే

సెకండ్‌హ్యాండ్ కొనడం తప్పేమీ కాదు. శరీర నిర్మాణం, కట్లు కట్టడం, పశువును పడవేసే పద్ధతి పదేళ్లలో మారిపోవు. మారేది మందులు, టీకాలు, రోగాల జాబితా. ఎడిషన్ ఏ సంవత్సరానిదో మొదటి పేజీలోనే ఉంటుంది. కానీ పాత సరుకును కొత్త అట్టతో మళ్లీ అచ్చేసినవి కూడా ఉంటాయి, అందుకే నేను లోపలి పేజీలు చూస్తాను.

ముసర రోగం, అంటే రిండర్‌పెస్ట్ అధ్యాయం తీయండి. దాన్ని ఇప్పటికీ పొంచి ఉన్న ముప్పులా, టీకా షెడ్యూల్‌తో సహా రాశారంటే ఆ పేజీలు చాలా పాతవి. మన దేశానికి 2006లో ఆ రోగం నుంచి విముక్తి గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. తర్వాత ముద్దచర్మ వ్యాధి, అంటే లంపీ స్కిన్ పేజీ తీయండి. లంపీ ఆఫ్రికాలో ఉండే రోగం అని రెండు లైన్లలో తేల్చేస్తే ఆ పుస్తకం 2019కి ముందుది, ఎందుకంటే మన దేశంలోకి అది ఆ ఏడాదే వచ్చింది.

మూడోది డైక్లోఫినాక్. పాత పుస్తకాల్లో ఆవులకు నొప్పి, జ్వరానికి దాని డోసు దర్జాగా ఉంటుంది. ఆ మందు ఒంట్లో ఉన్న కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోతున్నాయని తేలాక 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువుల వైపు మళ్లుతున్నాయని 2015లో వాటి సైజు 3 మి.లీ.కి కుదించారు. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫినాక్‌లకూ పశువుల్లో నిషేధం పడింది, 2024 చివర్లో నిమెసులైడ్‌కీ అంతే. ఇవన్నీ పాత పుస్తకాల్లోనే కాదు, విదేశాల కొత్త పుస్తకాల్లోనూ కనిపించొచ్చు. వాళ్ల దేశ చట్టం వేరు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ కూడా అంతే, 2019 నుంచి మన దగ్గర ఆహార పశువులకు, కోళ్లకు లేదు. పుస్తకం కొన్న రోజే ఎర్ర పెన్ను తీసుకుని ఈ మందుల పేజీల్లో అడ్డగీత కొట్టి, పక్కన సంవత్సరం రాసేయండి. తర్వాత ఆ పుస్తకం ఎవరి చేతిలోకి వెళ్లినా పనికొస్తుంది.

కుక్కల పుస్తకమైతే గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ పేజీ చూడండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కాలని, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలని ఉందా? జంతువుల సీపీఆర్ పద్ధతులు రూపొందించే రికవర్ బృందం 2012లో ఇచ్చి, 2024లో సవరించిన మార్గదర్శకాలు అవి. నెట్‌లో దొరుకుతాయి. ఆ చార్టు ప్రింట్ తీసి ఆపరేషన్ గది గోడకి అంటించుకుంటే పుస్తకం వెతికే పనే ఉండదు. ఆ టైంలో పుస్తకం వెతికేవాళ్లు ఎవరుంటారు?

ఇక టెలిగ్రామ్ పీడీఎఫ్‌లు, కాలేజీ పక్కన జిరాక్స్ కాపీల గురించి. దొంగ కాపీ తప్పు అన్న మాట పక్కన పెట్టినా, ఇందులో ప్రాణాపాయం ఉంది. మూడోసారి జిరాక్స్ తీసిన కాగితం మీద మొదట మాయమయ్యేది దశాంశ బిందువు. 0.5 అన్నది 05 లాగా, 1.1 అన్నది 11 లాగా కనిపిస్తుంది. చుక్క పోతే డోసు పది రెట్లు. మసకగా ఉన్న పట్టిక నుంచి ఏ అంకె తీసుకున్నా, ఇంకో చోట సరిచూడకుండా సిరంజి ఎత్తకండి.

వెతకడం తెలియాలి

లావు పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవబోయి యాభయ్యో పేజీ దగ్గర వదిలేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. అది నవల కాదు. చివరి పేజీల్లో అక్షరక్రమంలో ఉండే ఇండెక్స్ దగ్గర మొదలుపెట్టండి. సాయంత్రం ఇంటికొచ్చాక, ఆ రోజు చూసిన ఒకే ఒక్క కేసును అందులో వెతకండి. పొద్దున చేత్తో ముట్టుకున్న జంతువు గురించి చదివింది గుర్తుండిపోతుంది.

ఇండెక్స్‌లో ఒక తిరకాసు ఉంది. బ్రిటిష్ పుస్తకంలో నీరు చేరిన వాపుకి వాడే ఇడీమా అనే మాట ఇంగ్లిష్ 'O' అక్షరం కింద ఉంటుంది, అమెరికన్ పుస్తకంలో 'E' కింద. ఎద, అన్నవాహిక గురించిన ఇంగ్లిష్ మాటలూ అంతే. మందుల పేర్లు ఇంకా గందరగోళం. మన పారాసెటమాల్ అమెరికన్ పుస్తకంలో అసిటామినోఫెన్. అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్, లిగ్నోకెయిన్ లిడోకెయిన్, పెథిడిన్ మెపెరిడిన్. "పుస్తకంలో పారాసెటమాల్ లేదక్కా" అని ఒక పిల్ల వచ్చింది. ఉంది, పిల్లులకి అది విషం అని పెద్దగా హెచ్చరిక కూడా ఉంది. వేరే పేరు కింద. బ్రాండ్ పేరుతో అసలే వెతకొద్దు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చూసి వెతకాలి.

డోసు పేజీ చదవడం

ముందు హద్దు సంగతి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం, 30వ సెక్షన్ ప్రకారం వైద్యం చేసే హక్కు రిజిస్టర్ అయిన పశువైద్యులకే. డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్నవాళ్లు రాష్ట్ర ప్రభుత్వం అనుమతించిన చిన్న సేవలు, అంటే టీకాలు, విత్తులు కొట్టడం, గాయాలకు కట్లు లాంటి ప్రథమ చికిత్స, పశువైద్యుల పర్యవేక్షణలో చేయొచ్చు. అమెరికా పుస్తకం కూడా డాక్టర్ రాసిచ్చిన మందును టెక్నీషియన్ ఇస్తారు అన్న లెక్కలోనే రాసి ఉంటుంది. మరి మనకు డోసు పేజీ ఎందుకంటే, సరిచూడటానికి. డాక్టర్ చెప్పిన మోతాదు, సీసా మీది గాఢత, సిరంజిలోకి లాగింది, ఈ మూడూ కలుస్తున్నాయో లేదో చూసే చివరి మనిషి మనమే.

ఒక లెక్క చేద్దాం. ఆవు, తూకం లేదు. టేపుతో ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత 60 అంగుళాలు వచ్చింది. భుజం మొన నుంచి పిరుదు ఎముక చివరిదాకా పొడవు 50 అంగుళాలు. చుట్టుకొలతను దానితోనే గుణిస్తే 3,600. దాన్ని 50తో గుణిస్తే 1,80,000. 300తో భాగిస్తే 600. ఇది పౌండ్లలో! ఈ సూత్రం రాసిన సగం నోట్సుల్లో ఆ ముక్క ఎగిరిపోయి ఉంటుంది. 2.2తో భాగిస్తే దాదాపు 272 కిలోలు.

డాక్టర్ నొప్పి, జ్వరానికి మెలాక్సికామ్ చెప్పారు. పుస్తకంలో పశువులకు కిలోకి 0.5 మి.గ్రా. అంటే 136 మి.గ్రా. ఇప్పుడు సీసా చూడాలి. మి.లీ.కి 5 మి.గ్రా. ఉన్న సీసా అయితే 27 మి.లీ. వస్తుంది. 20 మి.గ్రా. సీసా అయితే 7 మి.లీ. కూడా రాదు. విదేశీ పుస్తకంలో మి.లీ. లెక్కన రాసిన డోసును ఇక్కడి సీసాకి తగిలిస్తే నాలుగు రెట్ల తేడా వచ్చేది ఇక్కడే. అందుకే పుస్తకం నుంచి మి.గ్రా. మాత్రమే తీసుకోవాలి, మి.లీ. ఎప్పుడూ చేతిలోని సీసా మీద లెక్క వేయాలి. ఇంకో మాట, మెలాక్సికామ్‌తో పారాసెటమాల్ కలిపిన ఇంజెక్షన్లు కూడా మార్కెట్లో ఉన్నాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, లేబుల్ పూర్తిగా చదవండి.

తర్వాత ఏ జంతువు వరసలో చదువుతున్నారో వేలు పెట్టి చూసుకోండి. మత్తుకి వాడే జైలజిన్ గుర్రానికి నరంలో కిలోకి 1.1 మి.గ్రా. దాకా ఇస్తారు. ఆవుకి అందులో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువే చాలు. పేజీలో ఈ రెండు వరసలూ పక్కపక్కనే ఉంటాయి. కంటికి ఒక గీత జారితే ఆవు లేవదు. పురుగుల మందు ఐవర్‌మెక్టిన్‌కి మైక్రోగ్రాముల్లో రాస్తారు, కిలోకి 200. ఆ మైక్రోగ్రాము గుర్తును మి.గ్రా. అని చదవకండి. కోలీ లాంటి కొన్ని జాతుల కుక్కలకు ఆ మందు ఎక్కువ డోసులో మెదడుకి ప్రమాదం అన్న హెచ్చరిక కూడా అదే పేజీలో ఉంటుంది. మనవాళ్లు డోసు చూసి పేజీ తిప్పేస్తారు.

పాలు, మాంసం ఎన్ని రోజులు అమ్మకూడదు అన్న లెక్కను మాత్రం అమెరికా పుస్తకం నుంచి తీసుకోవద్దు. అది వాళ్ల బ్రాండుకి, వాళ్ల చట్టానికి రాసింది. మన సీసా లేబుల్ చూడండి, లేబుల్‌లో లేకపోతే డాక్టర్‌ని అడగండి. రైతుకి ఆ మాట చెప్పి రావాల్సింది మాత్రం మనమే.

మీరు రాసుకునే పుస్తకం

వెయ్యి పేజీల గ్రంథాన్ని బండి మీద పెట్టుకుని ఊళ్లు తిరగలేం. జేబులో పట్టే నోట్‌బుక్ ఒకటి కావాలి. గట్టి అట్ట, గీతల కాగితం. బాల్‌పెన్‌తో రాయండి, జెల్ పెన్ను తడి తగిలితే అలుక్కుపోతుంది.

నా దాంట్లో మొదటి పేజీ ఉష్ణోగ్రతలు: ఆవు 101.5 ఫారెన్‌హీట్, మేక 103 దాకా మామూలే, కుక్క 102.5 దాకా. రెండో పేజీ చూడి రోజులు: ఆవు 283, గేదె 310, మేక, గొర్రె 150, పంది 114, కుక్క 63. తర్వాత మా ఆస్పత్రిలో నిజంగా ఉన్న మందులే, ఒక్కోదానికి ఒక పేజీ. మందు పేరు, మన సీసా గాఢత, ఏ జంతువు, ఏ దారిలో ఇవ్వాలి, దేంతో కలపకూడదు, ఏం గమనించాలి. కింద మూలన చిన్నగా ఏ పుస్తకం, ఏ ఎడిషన్, ఏ పేజీ. ఈ మూల రాయనివాళ్ల నోట్‌బుక్ రెండేళ్లకి వట్టి వినికిడి మాటల మూట అవుతుంది. ఎవరు చెప్పారో, ఎక్కడ చదివారో వాళ్లకే గుర్తుండదు. పేజీ రాశాక డాక్టర్‌కి చూపించి సంతకం పెట్టించుకోండి. మా మేడమ్ మొదట నవ్వారు, ఇప్పుడు ఆవిడే "నీ నోట్సులో ఎంతుంది?" అని అడుగుతారు.

పల్లెల్లో తిరిగేవాళ్లు ఇంకో పేజీ పెట్టుకోవాలి. రైతు చిటుక రోగం, జబ్బవాపు, గురక వ్యాధి, దొమ్మ, ఈసుడు అని చెప్తాడు. పుస్తకంలో ఎంటరోటాక్సీమియా, బ్లాక్ క్వార్టర్, హెచ్ఎస్ (హెమరేజిక్ సెప్టిసీమియా), ఆంత్రాక్స్, బ్రూసెల్లోసిస్ అని ఉంటుంది. ఎదురెదురు రెండు వరసల్లో రాసుకుంటే ఫోన్లో రైతు చెప్పింది విని నేరుగా ఇండెక్స్‌లోకి వెళ్లొచ్చు. జిల్లా మారితే పేర్లూ మారతాయి, ఖాళీ వదలండి. దొమ్మ పక్కన "కళేబరం కోయకూడదు" అని, ఈసుడు పక్కన "చేతి తొడుగులు" అని ఎర్రగా రాసుకోండి. బ్రూసెల్లా టీకా నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకే వేస్తారు, అందులో ఉన్నది బతికున్న సూక్ష్మజీవి. సూది మన చేతికి గుచ్చుకున్నా, చుక్క కంట్లో పడ్డా మనకే రోగం. టీకా వేసేవాళ్ల భద్రత గురించి ఒక్క పేరా అయినా లేని పుస్తకం మీద నాకు గౌరవం కొంచెం తగ్గుతుంది.

విదేశాలు వెళ్లాలనుకునేవాళ్లు

ఇక్కడ బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) చేసి అమెరికా వెళ్లి, అక్కడి డాక్టర్ లైసెన్స్ పరీక్షలు రాసే లోపు ఆస్పత్రుల్లో టెక్నీషియన్ పని చూసుకునే తెలుగు పిల్లలు ఉన్నారు. అక్కడి టెక్నీషియన్ల అర్హత పరీక్ష వీటీఎన్ఈ రాయాలంటే ముందు మీరు ఉండబోయే రాష్ట్ర బోర్డు అర్హత నిబంధనలు చదవండి, పుస్తకం తర్వాత కొనండి. పరీక్షలో మూడు గంటల్లో 170 ప్రశ్నలు ఉంటాయి, అందులో 20 మార్కుల లెక్కలోకి రావు. మన డాక్టర్ చదువు చదివినవాళ్లకు రోగాలు తెలుసు. ఇబ్బంది పెట్టేది దంతాల శుభ్రత, ఎక్స్‌రే పొజిషన్లు, మత్తు యంత్రం భాగాలు, రక్తం శాంపిల్ ట్యూబుల రంగుల్లాంటివి. మెక్కర్నిన్స్‌లో ఆ అధ్యాయాలే ముందు తీయండి. బ్రిటన్‌లో అయితే నర్సుల రిజిస్టర్ నడిపేది ఆర్‌సీవీఎస్ అనే పశువైద్య నియంత్రణ సంస్థ, అక్కడికి బీఎస్ఏవీఏ పుస్తకమే దారి.

డబ్బు ఒక్కదానికే ఉంటే

పెట్ ఆస్పత్రిలో ఉంటే బీఎస్ఏవీఏ నర్సింగ్ పుస్తకం కొనండి. మందుల పుస్తకం డాక్టర్ దగ్గర ఎలాగూ ఉంటుంది, మధ్యాహ్నం ఖాళీలో అడిగి తీసుకుని నోట్‌బుక్ నింపుకోండి. పల్లెలో ఉంటే అసలు ఏమీ కొనకండి, ఇప్పుడే కాదు. ఫోన్లో ఎంఎస్‌డీ మాన్యువల్, కేంద్రం మార్గదర్శకాలు దించుకుని, టీకా కాగితాల ఫైలు మొదలుపెట్టండి. ఏడాది తిరిగేసరికి మీ నోట్‌బుక్‌లో ఏ విషయానికి పేజీలు చాలడం లేదో కనిపిస్తుంది. గొర్రెలా, పొదుగు వాపులా, ఈతల సమస్యలా? ఆ విషయం మీద పుస్తకం కొనండి. ఇద్దరు ముగ్గురు కలిసి కొనేటట్టయితే తలా ఒకటి వేరువేరుగా కొనండి, ఒకే పుస్తకం అందరూ కొనకండి. అట్టకి ప్లాస్టిక్ కవర్ వేయించడం మర్చిపోవద్దు, షెడ్డులో పేడ చేతులతో తిరగేసే పుస్తకం అది.